రెండు గుడ్డల బొంత: మన ఆడవాళ్లు రాసిన చరిత్ర

తండాల్లో బొంతను పారేసే అలవాటు లేదు. పైగుడ్డ చిరిగితే దాని మీదే ఇంకో గుడ్డ పరిచి కుడతారు. అదీ అరిగితే మరొకటి. అందుకే పాత బొంత ఏళ్లు గడిచేకొద్దీ బరువెక్కుతుంది. మా ఇంట్లో అలాంటిది ఒకటి ఉంది. మా యాడి పెళ్లినాడు వాళ్ల యాడి ఇచ్చిన బొంత అది. ఆ మధ్య ఎలుకలు కొరికి ఒక మూల చిరిగితే, బాగుచేద్దామని కుట్లు విప్పాం. లోపల ఒకదాని కింద ఒకటిగా నాలుగు కాలాల గుడ్డలు కనిపించాయి. ఏ గుడ్డ ఎవరు కట్టుకున్నదో, ఎప్పటిదో మా యాడి వరుసగా చెబుతూ పోయింది. మన బంజారాల గతం గురించి నేను చదివిన పుస్తకాల్లో లేని వివరం ఆ పూట విన్నాను. ఈ వ్యాసం ఆ బొంత గురించే.

ముందు అసలు బొంత ఎలా తయారవుతుందో చెప్పుకుందాం. మన సంస్కృతి అనగానే అద్దాలు, గవ్వలు కుట్టిన ఫేటియా, కాంచళి, టుక్రి గుర్తొస్తాయి. బొంతకు ఆ తళుకు లేదు. దానికి కావలసినవి రెండు రంగుల గుడ్డలు, మధ్యలో పరచడానికి పాత చీరలు, దారం, సూది. రెండే గుడ్డలు ఎందుకంటే అంతకు మించి దొరికేవి కావు. పేదరికం పెట్టిన ఆ హద్దులోనే మన ఆడవాళ్లు ఎన్నో రూపాలు పుట్టించారు.

నాలుగు మూరల పొడవు, మూడు మూరల వెడల్పు ఉన్న బొంత అనుకుందాం. జానెడు చదరపు ముక్కలు కోస్తే పొడవున ఎనిమిది, అడ్డంగా ఆరు, మొత్తం 48 ముక్కలు పడతాయి. ఒక రంగువి 24, రెండో రంగువి 24. కుట్టులోకి పోయే గుడ్డ కోసం ప్రతి ముక్కా ఒక వేలు ఎక్కువగా కోయాలి. ఒక వరుస ఎరుపుతో మొదలైతే కింది వరుస నీలంతో మొదలుపెట్టాలి. అంతే, పులిజూదం పీటలా కాకుండా చదరంగపు గళ్లలా పైభాగం సిద్ధమవుతుంది. అవే రెండు గుడ్డలను పొడవు పట్టీలుగా కోస్తే చారల బొంత అవుతుంది. చదరాలను మూలకు మూల కోసి రంగు మార్చి అతికితే ముక్కోణాల బొంత. అడుగున వేసే గుడ్డను నాలుగు వైపులా నాలుగు వేళ్లు ఎక్కువగా ఉంచి, ఆ అంచును పైకి మడిచి కుడితే వేరే గుడ్డ అక్కర్లేకుండానే చుట్టూ అంచు వచ్చేస్తుంది.

తర్వాత నేల మీద అడుగుగుడ్డ పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, దాని మీద పాత చీరలు ముడతలు లేకుండా సర్ది, పైభాగం కప్పుతారు. ముందు దూరం దూరంగా టాకాలు వేసుకుంటారు. అసలు కుట్టు అంచు నుంచి మొదలై లోపలికి చుట్టూ తిరుగుతూ నడిమికి చేరుతుంది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తలో వైపు కూర్చుంటే పని త్వరగా సాగుతుంది. పంట కోతలయ్యాక, వానలు మొదలుకాక ముందు, ఎండాకాలం మధ్యాహ్నాలు వేపచెట్టు కింద ఈ పని జరిగేది. కబుర్లు, పాటలు, కోడళ్లకు సుద్దులు అన్నీ అక్కడే.

రంగుల ఎంపికకూ లెక్క ఉంది. రెండు గుడ్డల్లో ఒకటి ముదురు, ఒకటి లేత అయి ఉండాలి. రెండూ ముదురైతే గళ్లు దూరం నుంచి కలిసిపోతాయి. కళ్లు సగం మూసి చూడమని మా యాడి చెప్పేది. అప్పుడు కూడా రెండు రంగులు విడివిడిగా కనిపిస్తే జత కుదిరినట్టు. ఎరుపు–నీలం, ఎరుపు–నలుపు, పసుపు–ఆకుపచ్చ, నీలం–తెలుపు ఆమె మెచ్చిన జతలు. పొయ్యి పొగకు, నేల దుమ్ముకు ఆగాలి కనుక అడుగున ముదురు రంగు వేసేవారు. చుట్టాలు వచ్చిన రోజు ఎరుపు వైపు పైకి, మామూలు రోజుల్లో ముదురు వైపు పైకి తిప్పేవారు. కొత్త ఎర్రగుడ్డ రంగు దిగుతుంది కాబట్టి కోయకముందే నానబెట్టి ఉతికి ఆరేసేవారు. రెండు గుడ్డలూ ఒకే మందంలో ఉండేలా చూసేవారు. లేకపోతే పల్చటిది ముందే చిరిగి, మందమైనది దాన్ని లాగేస్తుంది.

ఇక విప్పిన బొంత దగ్గరికి వద్దాం. అన్నిటికంటే పైన ఉన్నవి ఎరుపు, నీలం పాలిస్టర్ చీరల ముక్కలు. మా యాడి వయసులో ఉన్నప్పుడు సంతలో కొన్న చీరలవి. ఉతికితే ఇట్టే ఆరిపోతాయి, ఎంతకీ చిరగవు, రంగు పోదు. కూలికి వెళ్లే ఆడవాళ్లకు అవి ఎంతో అనువుగా అనిపించాయి. కానీ బొంతకు పాలిస్టర్ నప్పదు. చెమట పీల్చదు, చలికి వెచ్చదనం ఇవ్వదు, కుట్టు జారిపోతుంది. తండాల్లో బొంత తగ్గిపోవడానికి మొదటి కారణం అక్కడే ఉంది. లోపల పరచడానికి మెత్తబడిన పాత నూలు చీర ఇంట్లో లేకుండా పోయింది.

దాని కింద ముతక నూలు చీర ఉంది. 1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి.రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యంతో పాటు సగం ధరకు జనతా చీరలు, ధోవతులు ఇచ్చింది. ఇది ఆ చీరే. అంతకు కొన్నేళ్ల ముందే ఇంకో మార్పు జరిగింది. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు, లంబాడీలు అప్పటికే షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నా, తెలంగాణ ప్రాంతపు లంబాడీలకు ఆ గుర్తింపు 1976 నాటి సవరణ చట్టంతోనే వచ్చింది. బడి, హాస్టల్, ఉద్యోగం అన్న మాటలు తండాలోకి అడుగుపెట్టిన కాలం అది. మా మేనమామ హాస్టల్‌కు వెళ్తూ ఈ బొంతనే చుట్టుకుని పోయాడని మా యాడి చెప్పింది.

మూడో పొర మిల్లు ఎర్రగుడ్డ. నాలుగోది, అన్నిటికంటే అడుగున ఉన్నది, అమ్మమ్మ కట్టిన ఫేటియాలోని ఒక పట్టీ. అద్దాలు, గవ్వలు విప్పి కొత్త ఫేటియాకు వాడుకోగా మిగిలిన గుడ్డ. అద్దం ఉన్న చోటల్లా గుండ్రని మచ్చ, చుట్టూ సూది రంధ్రాలు. ఎండ తగలని చోట ఎరుపు ఇంకా కళకళలాడుతోంది.

ఆ ఎరుపుకూ ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు దక్కన్‌లో ఎరుపు చిరివేరు, మంజిష్ఠ వంటి వేళ్ల నుంచి, నీలం నీలిమందు ఆకు నుంచి వచ్చేవి. 1868లో జర్మనీ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబె, లీబర్‌మన్ మంజిష్ఠ ఎరుపును ప్రయోగశాలలో తయారుచేశారు. 1897లో కృత్రిమ నీలం మార్కెట్లోకి వచ్చింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే అద్దకపు పంటలు, వాటి మీద బతికినవాళ్లు చెదిరిపోయారు. మన ఆడవాళ్లు ఎరుపునూ నీలాన్నీ వదల్లేదు. రంగు వచ్చే దారి మాత్రం మారింది.

అదే కాలంలో మన బతుకుదారీ మూసుకుపోయింది. అంతకుముందు మన పెద్దల వృత్తి లదేణి. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగేవారు. 1632లో ఆంగ్ల యాత్రికుడు పీటర్ మండీ 14,000 ఎద్దులున్న తండాను చూశానని రాశాడు. అదే శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే పది పన్నెండు వేల ఎద్దుల బిడారుల గురించి చెప్పాడు. 1799లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన ఇంగ్లీషు సేనకు తిండిగింజలు మోసినవాళ్లలో మనవాళ్లు ఉన్నారు. 1853లో బొంబాయి–ఠాణేల మధ్య రైలు నడిచింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు పట్టాలు వచ్చాయి. ఎద్దు మోసే బరువు రైలు మోసింది. 1871లో నేరస్త తెగల చట్టం వచ్చింది. దేశంలో అనేక చోట్ల బంజారా సమూహాల మీద పుట్టుకతోనే నేరస్తులన్న ముద్ర పడింది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయ్యే దాకా ఆ మచ్చ పోలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మన గురించి రాసిన పాత కాగితాలన్నీ ఇతరులు రాసినవే. యాత్రికుడు తనకు వింతగా తోచింది రాశాడు. సైనికాధికారి ఎద్దుల లెక్క రాశాడు. పోలీసు అనుమానాలు రాశాడు. మన భాష గోర్ బోలికి సొంత లిపి లేదు. మన మగవాళ్ల మాట పాటల్లో, సేవాలాల్ మహారాజ్ కథల్లో, నాయక్ పంచాయితీల్లో మిగిలింది. మన ఆడవాళ్లు తమ చేత్తో దాచి ఉంచింది మాత్రం గుడ్డ. ఏ ఏడు ఏ బట్ట కొనగలిగారో, ఏది మిగిల్చుకున్నారో, ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలనుకున్నారో బొంత చెబుతుంది. దాన్ని చదవాలంటే పక్కన ఒక యాడి ఉండాలి. ఆమె లేకపోతే అది పాతగుడ్డల మూటే.

మన అద్దాల పనికి గుర్తింపు రావడం సంతోషించాల్సిన విషయం. కర్ణాటకలోని సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023 జూలైలో హంపీలో జి–20 సమావేశాల సందర్భంగా 1,755 లంబాణీ వస్తువులను ఒకచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. 450 మందికి పైగా ఆడవాళ్లు వాటి వెనుక పనిచేశారు. బొంతకు అలాంటి వేదిక లేదు. కొత్త ఇంట్లోకి మారేటప్పుడు ముందుగా బయట పడేది అదే. సంతలో కొన్న రగ్గు వచ్చాక బొంత కుక్కల కిందికో, ఎడ్లబండిలోకో, మోటారు మీద కప్పడానికో పోతోంది. "అతుకుల బొంత" అన్న మాటను తిట్టులా వాడే లోకంలో మన పిల్లలు దాన్ని చూసి సిగ్గుపడటం వింత కాదు.

ఈ సంచిక చదివే మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మనవి చిన్నది. ఈసారి తీజ్ పండుగకు తండాకు వెళ్లినప్పుడు ఇంట్లో పాత బొంత ఉందేమో చూడండి. కుట్లు విప్పనక్కర్లేదు. చిరిగిన మూల నుంచి లోపలి పొరలు కనిపిస్తాయి. యాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఏ గుడ్డ ఎవరిదో అడగండి. ఆమె మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి. కుట్టినవాళ్ల పేర్లు, ఊరు, సుమారు సంవత్సరం ఒక కాగితం మీద రాసి బొంతతో పాటు ఉంచండి. 2018 నుంచి మన తండాల్లో చాలావాటికి సొంత గ్రామ పంచాయతీలున్నాయి. పంచాయతీ ఆఫీసులోనో, బడిలోనో ఒక పాత బొంతను అద్దాల పెట్టెలో పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు.

మా బొంతను మళ్లీ కుట్టేశాం. ఎరుపు, నీలం నూలు గుడ్డలు తెచ్చి, 48 ముక్కలు కోసి, పాత పొరలన్నిటినీ అలాగే లోపల ఉంచి పైన కప్పాం. మా యాడికి చూపు ఆనడం లేదు. సూదిలో దారం నా కూతురు ఎక్కించింది, ఒక మూల కుట్టింది కూడా. దాని కుట్టు కాస్త వంకరగా పోయింది. విప్పి సరిచేస్తానంటే మా యాడి వద్దంది. ఆ మూల ఎవరు కుట్టారో రేపు తెలియాలి కదా అంది.