నెల్లూరు తీరంలో తాత్కాలిక మండపం: తాటాకు పందిరి ఆధారంగా ఒక పరిశీలన

ఉత్సవాలకు వేసే తాత్కాలిక మండపం ప్రాంతీయతను రెండు విధాలుగా చాటుతుంది: అతికించిన గుర్తులతో, లేదా కట్టిన పద్ధతితో. ఇనుప షెడ్డుకు రాజహంస బొమ్మల ఫ్లెక్సీ కడితే మొదటిది అవుతుంది. ఫ్లెక్సీ విప్పగానే అది ఏ ఊరి షెడ్డో చెప్పలేం. రెండోదానికి నేల, గాలి, చెట్టు, చేతిపని తెలియాలి. నెల్లూరు తీరంలో ఈ రెండో మార్గానికి తాటాకు పందిరే గట్టి ఆధారం.

ఇలాంటి మండపాలకు ఇక్కడ సందర్భాల కొరత లేదు. పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కోసం సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ 2001లో మొదలైంది. ఆ ప్రాంతం 2022లో తిరుపతి జిల్లాలో చేరినా తీరం ఒకటే. నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండుగకు 2015లో రాష్ట్ర పండుగ హోదా వచ్చింది.

పందిరికి కావలసిన సామగ్రి తీరంలోనే దొరుకుతుంది. ఇసుక నేలల్లో పెంచే సరుగుడు గుంజలకు, వాసాలకు పనికొస్తుంది. కోసిన తాటాకును దొంతిగా పేర్చి, బరువు పెట్టి ఆరబెడితే చదునవుతుంది. కట్లకు కొబ్బరి తాడు చాలు. వదులు ఇసుకలో గుంజ పట్టు తక్కువ కాబట్టి గుంతలు లోతుగా తీయాలి, మూలలకు తాళ్లు లాగి కట్టాలి. నీడకు ఆకును చదునుగా పరిస్తే సరిపోతుంది. వానకు మాత్రం కప్పు వాలుగా ఉండాలి. చూరు దగ్గర మొదలుపెట్టి, పై వరస కింది వరసను కప్పేలా కొప్పు దాకా నేయాలి.

దిక్కును రుతువే నిర్ణయిస్తుంది. ఎండాకాలంలో వడగాలి పడమటి నుంచి వీస్తుంది, మధ్యాహ్నం తర్వాత సముద్రపు గాలి వస్తుంది. అందుకే పడమట తడికలు కట్టి, తూర్పు వదిలిపెట్టాలి. ఏటి వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే, ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. తుపానులూ ఆ నెలల్లోనే ఎక్కువ. ఆ రోజుల్లో అదే తూర్పు ముఖాన్ని మూయాల్సి వస్తుంది. తడికలను విడిగా కట్టి, అటూ ఇటూ మార్చుకునేలా ఉంచితే ఒకే నమూనా రెండు కాలాలకూ పనికొస్తుంది.

విప్పడాన్ని కూడా కట్టేటప్పుడే ఆలోచించాలి. 2000లో జర్మనీలోని హానోవర్ ప్రపంచ ప్రదర్శనకు వాస్తుశిల్పి షిగేరు బాన్ జపాన్ మండపాన్ని కాగితపు గొట్టాలతో, తర్వాత మళ్లీ వాడుకునే ఉద్దేశంతోనే రూపొందించారు. పందిరి పనివారికి ఈ సూత్రం కొత్తది కాదు: ముడి విప్పితే గుంజ మరో పందిరికి, ఎండిన ఆకు పొయ్యిలోకి పోతాయి.

తాటాకుకున్న పెద్ద పరిమితి నిప్పు. వంటశాలను దూరంగా, గాలి వాలున ఉంచడం, కరెంటు తీగలు ఆకుకు తగలకుండా లాగడం, నీళ్ల తొట్లు, ఇసుక బకెట్లు దగ్గర పెట్టడం, జనం వెళ్లడానికి కనీసం రెండు దారులు వదలడం నమూనాలో భాగం కావాలి. ఈ జాగ్రత్తలతో, స్థానిక పనివారి చేతుల మీదుగా లేచిన పందిరికి ప్రాంతీయతను చాటే వేరే అలంకారం అవసరం లేదు.