విశ్వకిరణాలు ఒక్కసారిగా తగ్గిన రోజులు

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు పోయే రైల్లో కూర్చున్నా, బోగీ కప్పును దాటుకుని మన అరచేతి గుండా సెకనుకు ఒకటో రెండో మ్యూయాన్లు పోతూనే ఉంటాయి. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే కణాలివి. అప్పుడప్పుడు ఈ కణాల ధార గంటల్లో కొన్ని శాతం పడిపోయి, రోజుల తరబడి నెమ్మదిగా కోలుకుంటుంది. దీన్నే ఫోర్‌బుష్ తగ్గుదల అంటారు.

విశ్వకిరణాల ఉనికిని విక్టర్ హెస్ 1912లో బెలూన్ ఎక్కి కనిపెట్టాడు. వాటి తగ్గుదల బయటపడింది మాత్రం పాతికేళ్ల తర్వాతే. 1937 ఏప్రిల్ చివర్లో అయస్కాంత తుఫాను వచ్చినప్పుడు అమెరికాలోని చెల్టెన్‌హామ్‌లో, పెరూలోని హువాన్‌కాయోలో ఒకేసారి విశ్వకిరణాల లెక్క పడిపోయింది. ఒక్కచోటే పడితే గాలి పీడనం మారిందనో, పరికరం చెడిందనో అనుకోవచ్చు. ఇంత దూరాన ఉన్న రెండుచోట్లా పడితే కారణం వేరే. ఆ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూడటమే శాస్త్రవేత్త స్కాట్ ఫోర్‌బుష్ గొప్పతనం.

కారణం భూమి చుట్టుపక్కలే ఉందని చాలామంది నమ్మారు. 1960లో పయనీర్-5 నౌక భూమికి లక్షల కిలోమీటర్ల దూరంలోనూ అదే తగ్గుదలను పట్టుకుంది. సూర్యుడు ఎగజిమ్మిన అయస్కాంత మేఘం దారిలో విశ్వకిరణాలను పక్కకు నెడుతుందని అలా తేలింది.

మన పక్కనున్న బెంగళూరు కూడా ఈ చరిత్రలో ఉంది. 1939-40 శీతాకాలంలో అమెరికా శాస్త్రవేత్త మిలికన్ బృందం విశ్వకిరణాలను కొలవడానికి అక్కడి నుంచి బెలూన్లు ఎగరేసింది. విక్రమ్ సారాభాయ్ అక్కడే సి.వి. రామన్ దగ్గర పనిచేస్తూ, విశ్వకిరణాల కాలక్రమ పంపిణీపై 1942లో తొలి వ్యాసం ప్రచురించాడు.

దక్షిణ భారతంలో భూఅయస్కాంత క్షేత్రం దాదాపు 17 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్ల లోపు శక్తి ఉన్న ప్రోటాన్లను అడ్డగిస్తుంది. అయస్కాంత మేఘం ఎక్కువగా నెట్టేది ఆ తక్కువ శక్తి కణాలనే. అందుకే 2003 అక్టోబరులో ధ్రువాల దగ్గర కొన్ని కేంద్రాల్లో లెక్క 20 శాతానికి పైగా పడినా, మన అక్షాంశాల్లో తగ్గుదల చిన్నది. చిన్నదాన్ని నమ్మాలంటే లెక్క పెద్దదై ఉండాలి. గంటకు 10,000 కణాలు లెక్కిస్తే యాదృచ్ఛికమైన ఊగిసలాటే 100, అంటే 1 శాతం. ఊటీలోని గ్రేప్స్-3 ప్రయోగం రోజుకు సుమారు 400 కోట్ల మ్యూయాన్లను లెక్కిస్తుంది కాబట్టే శాతంలో చిన్న భాగాన్నీ పట్టగలుగుతోంది.

ఇలాంటి తగ్గుదలను లెక్కల్లో వెతకాలంటే ముందు గాలి పీడన ప్రభావాన్ని, రోజువారీ హెచ్చుతగ్గుల్ని తీసేయాలి. తర్వాత ప్రతి ఘటన మొదలైన గంటను సున్నాగా పెట్టి, అన్నింటినీ కలిపి సగటు తీయాలి. పెద్ద ఘటనల్నే ఏరుకుంటే ఫలితం తప్పుదారి పడుతుంది.

విశ్వకిరణాలను లెక్కించే న్యూట్రాన్ మానిటర్ల దశాబ్దాల లెక్కలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం డిగ్రీ విద్యార్థులారా, ఒక కంప్యూటర్‌తో ఈ పని మొదలుపెట్టండి.