సదరం

ఉప్పల్, నాచారం బస్తీల్లో "సదరం ఎంతొచ్చింది?" అని అడిగితే జవాబు శాతంలో వస్తుంది. 40 ఉంటేనే వికలాంగుల పింఛను. 2023లో తెలంగాణలో దాన్ని రూ.4,016 చేశారు.

పాత దస్తావేజుల్లోని 'సదరు'కి చుట్టంలా వినిపిస్తుంది గానీ, ఇది సాఫ్ట్‌వేర్ పేరు. వైకల్యాన్ని లెక్కగట్టే విధానానికి ఉమ్మడి రాష్ట్రంలో పెట్టిన పొడుగాటి ఇంగ్లిష్ పేరుకు పొడి అక్షరాలు: ఎస్ఏడీఏఆర్ఈఎం. జనం నోట్లో నలిగి సదరమైంది. ఇప్పుడు క్యాంపూ అదే, కాగితమూ అదే, శాతమూ అదే. తెలంగాణలో కార్డు యూడీఐడీ (విశిష్ట వైకల్య గుర్తింపు కార్డు) అయినా మాట మారలేదు.

2025 ఆగస్టులో ఆంధ్రలో, మళ్లీ పరీక్షించి శాతం తగ్గిందంటూ పింఛనుదారులకు నోటీసులిచ్చారు. గొడవయ్యాక, అప్పీలు చేసుకున్నవాళ్లకు పింఛను ఆపబోమన్నారు. ఇదంతా సభలో ఓటుకొచ్చే సంగతి కాదు. వచ్చినా, పార్టీ విప్‌ను ధిక్కరిస్తే 1985 నాటి ఫిరాయింపుల చట్టం సభ్యుడి పదవికే ఎసరు పెడుతుంది. బ్రిటన్‌లో అలా కాదు. 2025 జూలై 1న భత్యాల కోత బిల్లుపై 49 మంది లేబర్ ఎంపీలు సొంత ప్రభుత్వానికి ఎదురు ఓటేశారు. ఆ తిరుగుబాటుకు జడిసి, వికలాంగుల భత్యానికి అర్హతను కఠినం చేసే నిబంధనను ఓటింగ్‌కు ముందే పక్కన పెట్టేశారు.