ముక్కడం – మెదడు: ఒక ప్రక్రియ చరిత్ర

బరువెత్తేటప్పుడు, మలబద్ధకంలో, కాన్పు నొప్పుల్లో మనిషి గుండెల నిండా గాలి పీల్చి, గొంతు బిగించి, ఆ గాలిని బయటికి పోనీయకుండా బలం చేస్తాడు. తెలుగులో దీనికి ‘ముక్కడం’ అన్న చక్కని మాట ఉంది. వైద్యశాస్త్రంలో ఇది ‘వల్సాల్వా ప్రక్రియ’. ఆ పేరు చెవి వైద్యంలో పుట్టింది. మెదడుతో దానికున్న అసలు సంబంధం తేలడానికి మాత్రం రెండు శతాబ్దాలకు పైగా పట్టింది.

ఇటలీలోని ఇమోలాలో 1666లో పుట్టిన అంతోనియో మరియా వల్సాల్వా, బొలోన్యాలో మల్పీగీ శిష్యుడు. మానవుడి చెవిపై 1704లో లాటిన్‌లో ప్రచురించిన గ్రంథంలో, ముక్కూ నోరూ మూసుకుని గాలిని బలంగా బయటికి నెట్టే పద్ధతిని వర్ణించాడు. మధ్యచెవిలోని చీమును వెళ్లగొట్టడం దాని ప్రయోజనం. కపాలం లోపలి నుంచి చెవిలోకి దారులున్నాయనీ, లోపల చేరిన చీము వాటి గుండా బయటపడగలదనీ ఆయన నమ్మాడు. అటువంటి దారులు లేవు. కానీ ముక్కినప్పుడు పుట్టే ఒత్తిడి కపాలంలోకి చేరే దారులు వేరే ఉన్నాయి.

వాటిని అర్థం చేసుకోవడానికి పునాది స్కాట్లాండులో పడింది. కపాలం సాగని ఎముకల పెట్టె కనుక అందులోని రక్తం పరిమాణం పెద్దగా మారదని ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ మన్రో 1783లో ప్రతిపాదించాడు. 1824లో జార్జ్ కెల్లీ దాన్ని బలపరిచాడు. మెదడునూ వెన్నుపామునూ చుట్టి ఉండే ద్రవాన్ని కూడా ఈ లెక్కలో చేర్చడం తర్వాతి వారి పని. 1891లో జర్మన్ వైద్యుడు హైన్రిహ్ క్వింకే నడుము దగ్గర సూది గుచ్చి ఆ ద్రవం పీడనాన్ని కొలిచే మార్గం చూపాడు. పడుకున్న పెద్దవారిలో అది సుమారు 7 నుంచి 15 పాదరస మిల్లీమీటర్లు. రోగి దగ్గినా ముక్కినా అది చప్పున పెరుగుతుంది.

కారణం సిరల్లో ఉంది. ఛాతీలో పీడనం పెరగగానే తల నుంచి గుండెకు దిగవలసిన రక్తం మెడ సిరల్లో నిలిచిపోతుంది. పొట్టలోని ఒత్తిడి వెన్నెముక లోపలి సిరలను ఉబ్బిస్తుంది. 1940లో ఆస్కార్ బాట్సన్ వర్ణించిన ఈ సిరల అల్లికలో కవాటాలు లేవు కనుక రక్తం ఎటైనా మళ్లగలదు.

ఈ పెరుగుదల హానికరమేనని తోచడం సహజం. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో డబ్ల్యూ. ఎఫ్. హామిల్టన్ బృందం 1936లోనూ 1944లోనూ ప్రచురించిన పరిశోధనలు ఈ ఆలోచనను మార్చాయి. ముక్కినప్పుడు ధమనుల్లో పీడనం ఎగసిన క్షణంలోనే వాటి చుట్టూ ఉన్న ద్రవం పీడనమూ ఎగస్తుందని వారు చూపారు. సైకిలు ట్యూబును టైరులో ఉంచి గాలి కొడితే తట్టుకుంటుంది. విడిగా కొడితే ఉబ్బి పగులుతుంది. మెదడు రక్తనాళాలకు ఆ ద్రవం టైరు వంటిది.

ఈ రక్షణ ఎంత అవసరమో 1985లో కెనడాలో మెక్‌డూగల్ బృందం కొలతల వల్ల తెలిసింది. ధమనిలో గొట్టం అమర్చి ఐదుగురు వ్యాయామకారులను పరీక్షిస్తే, రెండు కాళ్లతో బరువు నెట్టేటప్పుడు రక్తపోటు సగటున 320/250కి చేరింది, ఒకరిలో 480/350.

అయితే ఈ రక్షణకు హద్దులున్నాయి. ఊపిరి వదలగానే ద్రవం పీడనం పడిపోతుంది. రక్తపోటు ఒక్క క్షణం తగ్గి, కళ్లు తిరగవచ్చు. వెంటనే మామూలు కన్నా పైకి ఎగస్తుంది. అప్పుడు బయటి ఆసరా ఉండదు. ధమని గోడ అప్పటికే బలహీనపడి బుడగలా ఉబ్బిన వారికి ఇది గండం. 1891లో హాన్స్ కియారీ వర్ణించిన లోపంలో చిన్నమెదడు కిందికి జారి కపాలం అడుగు రంధ్రానికి బిరడాలా అడ్డుపడుతుంది. అందుకే అటువంటి వారికి దగ్గినా ముక్కినా తలనొప్పి వస్తుంది.

మెదడులో పీడనం పెరిగిన రోగులకు మలబద్ధకం రాకుండా మందులివ్వడం, బరువెత్తేటప్పుడు ఊపిరి వదలమని వ్యాయామశాలల్లో చెప్పడం ఈ చరిత్ర ఫలితాలే. ఆరోగ్యవంతుడికి అప్పుడప్పుడు ముక్కడం వల్ల భయం లేదు. శ్రమలో హఠాత్తుగా పిడుగుపడినట్లు వచ్చే తలనొప్పిని మాత్రం ఇంట్లో మాత్రలతో సరిపెట్టక, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.