పుల్లరి నుండి గ్రామ సభ దాకా

ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర గురించి ఏదైనా వ్రాసి ఇమ్మని సంఘ కార్యదర్శి గారు కోరారు. పల్నాడు చరిత్ర అనగానే మనవాళ్లు బాలచంద్రుని పౌరుషం, కోడిపందెం, కారంపూడి రణరంగం చెప్పుకుంటారు. అవి చెప్పుకోదగినవే. అయితే ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కాగితాల మధ్య గడిపిన గుమాస్తాను కాబట్టి నాకు ఈ నేల చరిత్రలో మరొక అంశం కూడా కనబడుతుంది. ఇక్కడి సామాన్య జనం పాలకులను లెక్క అడిగారు. ఆ విషయమే సభ్యులకు మనవి చేస్తాను.

పన్నెండవ శతాబ్దం చివరలో గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య జరిగిన పోరు మనందరికీ తెలిసిన కథే. కారంపూడిలో నాగులేటి ఒడ్డున ఏటా కార్తీక మాసం చివర జరిగే వీరారాధన ఉత్సవాలలో ఆ కథ నేటికీ బ్రతికే ఉంది. ఆ కథలో నాకు కత్తుల కంటే రెండు విషయాలు గొప్పగా తోస్తాయి. బ్రహ్మనాయుడు అన్ని కులాల వారిని ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడనీ, మాల కులస్థుడైన కన్నమదాసును సేనానాయకుణ్ణి చేశాడనీ మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఇక అవతలి పక్షాన రాజ్యతంత్రం నడిపింది నాయకురాలు నాగమ్మ. ఎనిమిది వందల ఏళ్ల క్రిందట ఒక స్త్రీ మంత్రాంగం నడిపిందని చెప్పుకునే నేల ఇది. అందరూ ఒక చోట కూర్చోవడం, స్త్రీ అధికారం చేయడం మనకు కొత్తగా ఎవరో నేర్పిన సంగతులు కావు.

అంతకంటే దగ్గరి చరిత్రకు వస్తాను. సాగరు కాలువల్లోకి నీరు వదిలింది 1967లో. అంతకు ముందు పల్నాడు మెట్ట ప్రాంతం. వాన పడితే జొన్న, లేకుంటే లేదు. రైతుకు ఆధారం పశువులు, పశువులకు ఆధారం అడవి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో ఆ అడవి సర్కారు వారి రిజర్వు అయింది. తాతల నాటి నుండి పశువులు మేసిన చోటికే వాటిని తోలుకుపోవడానికి పుల్లరి కట్టవలసి వచ్చింది. కట్టకపోతే పశువులు బందెలదొడ్డి పాలు. పుల్లరికి తోడు క్రింది ఉద్యోగుల మామూళ్లు, వెట్టి ఉండనే ఉన్నాయి.

1921లో సహాయ నిరాకరణ ఉద్యమం వచ్చినప్పుడు పల్నాడు జనం పుల్లరి కట్టం అన్నారు. వారి పోరాట పద్ధతి గమనించదగినది. అడవి ఉద్యోగులకు ఊళ్లలో సరుకులు అమ్మలేదు, బట్టలు ఉతకలేదు, క్షౌరం చేయలేదు. ఇది ఒక ఊరి వారే చేస్తే నిలిచేది కాదు, ఒక కులం వారే చేసినా నిలిచేది కాదు. అందరూ కూర్చుని మాట్లాడుకుని, అన్న మాట మీద నిలబడితేనే సాగే పని. ఇక్కడి పరిస్థితులు విచారించడానికి వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులు గారిని, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులు గారిని ప్రభుత్వం నిర్బంధించి శిక్షించింది. పంతులు గారు రాయవేలూరు జైలులోనే 'మాలపల్లి' నవల వ్రాశారు. దానిని కూడా ప్రభుత్వం నిషేధించింది.

నేటి దుర్గి మండలంలోని మించాలపాడులో పుల్లరి నిరాకరణకు ముందు నిలిచినవారు కన్నెగంటి హనుమంతు గారు. ఆయన పెద్ద చదువులు చదివినవారు కారు, పదవులలో ఉన్నవారు కారు, పశువులు ఉన్న రైతు. 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులలో ప్రాణాలు విడిచారు. అదే నెలలో చౌరీచౌరా సంఘటన దరిమిలా గాంధీ గారు ఉద్యమాన్ని ఆపివేశారు. పల్నాటి పోరాటమూ అణగిపోయింది.

ఆ రోజుల్లో గుంటూరు జిల్లా అంతటా ఇదే ప్రశ్న లేచింది. తమను అడగకుండా మునిసిపాలిటీ పెట్టి పన్నులు పెంచారని 1921లో చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఇళ్లు వదిలి, ఊరి బయట రామనగరం కట్టుకుని నెలల తరబడి పాకల్లో ఉన్నారు. పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వాన రైతులు శిస్తు నిలిపివేశారు. ఈ మూడు చోట్లా జనం అడిగినది ఒక్కటే. మా దగ్గర వసూలు చేసే పైసకు మమ్మల్ని అడిగారా, దాన్ని ఏం చేస్తున్నారో మాకు చెబుతారా?

అప్పుడు వారికి అడిగే చోటు లేదు. 1920 శాసనసభ ఎన్నికలలో ఓటు ఆస్తి, పన్ను ఉన్న కొద్దిమందికే. పుల్లరి కట్టే పశువుల కాపరికి ఓటు ఎక్కడిది? అందుకని వారికి మిగిలిన దారి నిరాకరణ ఒక్కటే.

మనకు ఆ చోటు దొరికింది. 1952 నాటికి వయోజనులందరూ ఓటు వేశారు. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు రావడంతో మాచవరమే మండల కేంద్రమయింది. తాలూకా కచేరీ రికార్డులు మండలాల వారీగా విడదీసి మూటలు కట్టిన గుమాస్తాలలో నేనూ ఒకణ్ణి. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోకి వచ్చింది. 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టం గ్రామ సభకు స్థానం కల్పించింది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారూ అందులో సభ్యులే. పంచాయతీ జమాఖర్చులు, ఆడిట్ రిపోర్టు, చేయబోయే పనులు, కొత్త పన్నుల ప్రతిపాదనలు అక్కడ పెట్టి తీరాలి. పుల్లరి నాటి ప్రశ్నకు చట్టం ఇచ్చిన జవాబు ఇదే.

మరి జరుగుతున్నది ఏమిటి? ఉద్యోగకాలంలో నేను చూసిన గ్రామ సభ మినిట్సు పుస్తకాలు కొన్నింటిలో హాజరు సంతకాలు ఒకే సిరాతో, ఇంచుమించు ఒకే చేతివ్రాతతో ఉండేవి. తీర్మానాలు కిందటి ఏడాది వాటికి నకళ్లు. తప్పు వ్రాసినవారిది మాత్రమే కాదు, రానివారిది కూడా. 2018 ఆగస్టులో పంచాయతీ పాలకవర్గాల గడువు ముగిస్తే తిరిగి ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారులే ఊళ్లను పాలించారు. మన రచ్చబండల మీద దాన్ని గురించి ఎంత చర్చ జరిగింది? 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీలలో ఒకే రోజున గ్రామ సభలు పెట్టారు. ఆ రోజు వెళ్లి కూర్చున్నవారు మనలో ఎందరు?

మరొక బాధ కూడా చెప్పక తప్పదు. 2024 మే 13న పోలింగు నాడూ, ఆ తరువాతా పల్నాడులో జరిగిన హింసకు ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీ సస్పెన్షనుకు, కలెక్టరు బదిలీకి ఆదేశించవలసి వచ్చింది. అలాంటి పనులకు కొందరు పల్నాటి పౌరుషమని పేరు పెడతారు. నాకది మింగుడుపడదు. హనుమంతు గారి పౌరుషం సర్కారును నిలదీసింది గాని పక్కింటి వాడి ఓటును అడ్డుకోలేదు. పైగా పల్నాటి యుద్ధ కథ కూడా చివరకు ఎవరు గెలిచారో చెప్పే కథ కాదు, ఎందరు పోయారో చెప్పే కథ.

స్త్రీల విషయం కూడా అంతే. 2011లో మన రాష్ట్రం స్థానిక సంస్థలలో సగం స్థానాలు వారికి కేటాయించింది. నాగమ్మ గుడికి దణ్ణం పెట్టి వచ్చి, గెలిచిన సర్పంచమ్మను ఇంట్లో కూర్చోబెట్టి భర్త సంతకాలు పెట్టిస్తుంటే అది వారసత్వాన్ని గౌరవించినట్లు కాదు.

విశ్రాంత ఉద్యోగులం మనం ఏమి చేయగలం అంటారేమో. పదిమందికి రాని విద్య మనకు వచ్చు. ఎస్టిమేటు చదవడం, డిమాండు, వసూలు, బకాయిల పట్టిక చూసి తేడా పట్టడం, అర్జీ మర్యాదగా, పాయింటు తప్పకుండా వ్రాయడం మనకు వెన్నతో పెట్టిన విద్య. సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. ఊళ్లో ఒక్కరు ఆ దరఖాస్తు వ్రాసి పెట్టగలిగితే చాలు, చదువురాని వారికి కూడా ధైర్యం వస్తుంది.

కాబట్టి సభ్యులకు నా విన్నపం ఇది. మన ఊళ్లలో గ్రామ సభ తేదీ ముందుగా కనుక్కోండి. టముకు వేయించారో లేదో అడగండి. ఇంటి ప్రక్క వారిని, ముఖ్యంగా ఆడవారిని, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లండి. జమాఖర్చులు పైకి చదవమనండి. తీర్మానం వ్రాసిన తరువాత, ఖాళీ కాగితం మీద కాకుండా, సంతకం చేయండి. హనుమంతు గారి వర్ధంతి నాడు దండ వేయడం మంచిదే. ఆ రోజునే మాచవరంలో గాని, పిన్నెల్లిలో గాని, మోర్జంపాడులో గాని నలుగురు కూర్చుని పంచాయతీ బడ్జెటు చదివితే ఆయనకు అంతకు మించిన నివాళి ఉంటుందని నేను అనుకోను.