మక్కాలో ఖహ్వా వివాదం

అరబ్బీలో 'ఖహ్వా' అనే మాట కాఫీ కంటె పాతది. పూర్వకవులు మద్యాన్ని ఆ పేరుతో పిలిచారు. పేరు ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదు. అయినను ఆ పేరు కాఫీని అనుమానానికి గురిచేసింది.

15వ శతాబ్దంలో యమన్ సూఫీలు రాత్రి జిక్ర్‌లో నిద్ర రాకుండా దీనిని సేవించేవారు. పెద్ద ఎర్రమట్టి పాత్ర నుండి గురువు చిన్న పాత్రతో ముంచి కుడివైపుగా అందించేవారు. తయారీ రెండు విధాలు: గింజలను వేయించి, దంచి, మరగబెట్టడం ఒకటి, ఎండిన కాయల పొట్టును కాచడం మరొకటి. ఈ రెండవ దానికే 'ఖిష్ర్' అని పేరు. యమన్ ఇళ్ళలో నేటికీ దీనిని అల్లం వేసి కాచుకుంటారు.

హిజ్రీ 917 (క్రీ.శ. 1511)లో ఒక రాత్రి, మక్కా ముహ్తసిబ్ ఖైర్ బేగ్ మస్జిదె హరామ్ సమీపంలో కొందరు గుంపుగా ఖహ్వా త్రాగుతుండగా చూశాడు. అతడు కంటబడగానే వారు దీపాలార్పివేశారు. మరునాడు ధర్మవేత్తల సభ జరిగింది. మద్యగోష్ఠుల పద్ధతిలో కూడి త్రాగడం తగదనుటలో భేదాభిప్రాయం లేదు. మరి పానీయం మాటేమిటి? హాని రుజువు కానంతవరకు భూమిపై మొలిచినదేదైనా ధర్మసమ్మతమే గనుక, ప్రశ్న వైద్యుల చేతికి పోయింది. ఇద్దరు హకీములు ఇది 'శీతలం, శుష్కం' గనుక హానికరమని సాక్ష్యమిచ్చారు. పొగలు కక్కే పానీయాన్ని శీతలమనడం నేటి పాఠకునికి వింతగా తోచవచ్చు. వారు చెప్పినది యూనానీ వైద్యంలోని ప్రకృతిని గురించి, గిన్నెలోని వేడిని గురించి కాదు. ఇది మద్యంవలె మత్తెక్కిస్తుందని ఒకడన్నాడు. ఆ పోలిక నీకెట్లా తెలిసిందని అడుగగా, మద్యం త్రాగినట్లు ఒప్పుకొని శిక్షకు గురయ్యాడట!

నిషేధం వెలువడింది, వీధుల్లో కాఫీ నిల్వలను తగులబెట్టారు. కాని కైరో నుండి సుల్తాన్ ఖాన్సూహ్ గౌరీ పంపిన ఫర్మానా గోష్ఠులలోని అనాచారాలనే నిషేధించింది, పానీయాన్ని నిషేధించలేదు. ధర్మశాస్త్ర దృష్టిలో హకీముల వాదం కంటె ఇదే నిలకడ గల తీర్పు. ఇంట కాచుకొని త్రాగేవానికి, గుంపులో చేరి హద్దు మీరేవానికి గల తేడాను అది గుర్తించింది. మరుసటి ఏడు ఖైర్ బేగ్ స్థానంలో మరొకడు వచ్చాడు, మక్కాలో ఖహ్వా తిరిగి బాహాటంగా మరిగింది. సుమారు 1558లో అబ్దుల్ ఖాదిర్ జజీరీ ఈ వృత్తాంతాన్ని గ్రంథస్థం చేశారు. 1699లో ఫ్రెంచి పండితుడు గలాఁ దాని ఆధారంగానే కాఫీ చరిత్రను యూరపుకు అందించాడు.