పౌచ్ రోగికి ఫిస్టులా: కోతా, దారమా, ఓపికా?

‘ఆపరేషన్ లేకుండా మొలలు, ఫిస్టులా నయం’ అనే గోడరాతలు పశ్చిమ ప్రకాశంలోని పొదిలి లాంటి చిన్న పట్టణాలకు కొత్త కాదు. ఆ రాతల్లోని, మలద్వారం పక్కన చీము కారే దారిలా ఏర్పడే ఫిస్టులాకూ, పెద్దపేగు తీయించుకుని పౌచ్ పెట్టించుకున్న మనిషికి వచ్చే ఫిస్టులాకూ పేరొక్కటే కలుస్తుంది. మొదటిదానికి పనికొచ్చిన వైద్యం రెండోదానికి చేస్తే రంధ్రం మూసుకోవచ్చు గానీ, మలం మీద అదుపు పోయే ప్రమాదం ఉంది.

పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ మందులకు లొంగనప్పుడు పెద్దపేగును, పురీషనాళాన్ని తీసేస్తారు. చిన్నపేగు చివరి భాగాన్ని మడిచి, సంచిలా కుట్టి మలద్వారానికి కలుపుతారు. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి వైద్యులు అలన్ పార్క్స్, జాన్ నికల్స్ 1978లో ఈ పద్ధతిని ప్రకటించారు. ఆ తర్వాత జపాన్ వైద్యుడు ఉట్సునోమియా తెచ్చిన ‘జె’ ఆకారపు పౌచ్ ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. అల్సరేటివ్ కొలైటిస్ నగరాల జబ్బేలే అనుకోనక్కర్లేదు. తెలంగాణలో పేగు జబ్బు లక్షణాలున్న 30 వేల మందికి పైగా పరీక్షించి హైదరాబాద్ ఏఐజీ వైద్యులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో పల్లెల్లోనూ పేగుపూత జబ్బులు కనిపించాయి.

పౌచ్ ఉన్న మనిషికి రోజుకు ఐదారు విరేచనాలు మామూలే, అవీ పలచగానే అవుతాయి. గట్టి మలాన్ని కాస్త బలహీనపడ్డ కండరం కూడా ఆపగలదేమో గానీ, పలచటి మలాన్ని ఆపాలంటే మలద్వారం చుట్టూ ఉన్న బిగింపు కండరం చెక్కుచెదరకుండా ఉండాలి. ఫిస్టులాలు ఆ కండరాన్ని ఎలా దాటుతాయో చూసి 1976లో నాలుగు రకాలుగా విభజించినది కూడా పార్క్స్ గారే. సర్జన్లు నేటికీ ఆ లెక్కనే వాడుతున్నారు.

ఫిస్టులాకు దారం కట్టే వైద్యం మనకు పరాయిది కాదు. ఆయుర్వేదం భగందరం అనే ఈ జబ్బును సుశ్రుతుడు ఐదు రకాలుగా చెప్పాడు. క్షారసూత్రం అనే మందు దారానికి మామూలు దారం మీద జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు కలిపి మొత్తం 21 పూతలు పూస్తారు. ఉత్తరేణి పొదిలి చుట్టుపక్కల చేలగట్ల మీద ఎక్కడైనా దొరికే మొక్కే. ఫిస్టులా దారిలోకి ఎక్కించి కట్టిన ఆ దారాన్ని వారం వారం మారుస్తుంటే అది కొద్దికొద్దిగా కోసుకుంటూ, వెనక మాన్పుకుంటూ వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి దాదాపు 500 మంది మీద జరిపించి 1991లో ప్రచురించిన పరీక్షలో క్షారసూత్రం కట్టినవారిలో 4 శాతం మందికి, శస్త్రచికిత్స చేసినవారిలో 11 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. మానడానికి మాత్రం దారంతో ఎనిమిది వారాలు, కోతతో నాలుగు వారాలు పట్టింది. మామూలు ఫిస్టులాకు ఇది గట్టి సాక్ష్యమే. దాన్ని తెచ్చి పౌచ్ రోగికి అంటగట్టడం మాత్రం తప్పు, ఎందుకంటే కోసుకుపోయే దారం ఏదైనా కండరాన్ని కోస్తుంది.

అందుకే పౌచ్ రోగి విషయంలో మొదటి అడుగు నెమ్మదిగా వేయాలి. చీముగడ్డ ఉంటే ముందు దాన్ని తీసేయాలి. ఎంఆర్‌ఐతో దారి ఎటు పోయిందో చూసి, మత్తిచ్చి పరీక్షించి, బిగించని దారం ఒకటి వదులుగా వేసి ఉంచుతారు. సీటన్ అనే ఈ దారం దేన్నీ కోయదు, చీము నిలవకుండా బయటికి పోనిస్తుందంతే. కొందరు దానితోనే ఏళ్ల తరబడి పనులు చేసుకుంటూ తిరుగుతారు. రోగికి ఇది అసంపూర్ణ వైద్యంలా తోస్తుంది గానీ, చాలామందికి ఇదే తెలివైన ఎంపిక.

ఈలోగా కారణం తేలాలి. ఆపరేషన్ అయిన కొద్ది నెలల్లోనే వస్తే కుట్టు దగ్గర లీకు అయిందేమోనని చూస్తారు. ఏళ్ల తర్వాత వస్తే మొదటి నుంచీ ఉన్నది అల్సరేటివ్ కొలైటిస్ కాక క్రోన్స్ అనే మరో పేగుపూత జబ్బేనేమో అన్న అనుమానం బలపడుతుంది. మన దేశంలో పేగుల క్షయ కూడా క్రోన్స్‌లాగే కనిపించి మోసం చేస్తుంది. క్రోన్స్‌కు వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి మందు మొదలుపెడితే నిద్రపోతున్న క్షయ లేచే ప్రమాదం ఉంది కనుక ముందు క్షయ పరీక్షలు తప్పవు. ఆ మందును మొదట ఎక్కించాక రెండో వారం, ఆరో వారం, ఆపైన ప్రతి ఎనిమిది వారాలకు ఎక్కించాలి. పశ్చిమ ప్రకాశం నుంచి అన్నిసార్లు నగరానికి పోయిరావడం కూడా వైద్యం ఖర్చులో భాగమే.

కండరాన్ని కోయకుండా రంధ్రం మూసే ఆపరేషన్లు ఉన్నాయి. పక్క కణజాలాన్ని జరిపి కప్పుతారు, లేదా 2007లో థాయ్‌లాండ్ వైద్యులు ప్రకటించిన లిఫ్ట్ పద్ధతిలో కండరాల మధ్యే దారిని కట్టేస్తారు. పౌచ్ రోగుల్లో వీటి విజయం అంతంత మాత్రమే. క్రోన్స్ ఫిస్టులాలకు 2018లో ఐరోపా అనుమతి పొందిన మూలకణాల మందు కూడా తర్వాతి పెద్ద పరీక్షలో నిలబడలేక 2024లో ఐరోపా మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. ఏ దారీ లేనప్పుడు పేగును పొట్ట మీదికి తెచ్చి స్టోమా అనే మలమార్గం పెడతారు, కొందరికి పౌచ్‌నే తీసేస్తారు.

స్టోమా అనగానే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. నిజానికి రోజంతా కారే చీముతో, గుడ్డలు మార్చుకుంటూ బతికే మనిషికి అది ఊరటే. కాకపోతే చిన్నపేగు స్టోమా నుంచి నీరూ ఉప్పూ ఎక్కువగా పోతాయి. ఎండలు 40 డిగ్రీలు దాటే, ఫ్లోరైడ్ లేని మంచినీళ్లకే వెతుక్కోవాల్సిన ఈ మెట్టప్రాంతంలో వేసవి కాలానికి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, శుభ్రమైన నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో ఆపరేషన్‌కు ముందే వైద్యుడూ కుటుంబమూ కూర్చుని మాట్లాడుకోవాలి.